మోకాళ్లు వాచి, మేత మానేసిన ఆరు వారాల గినియా పిగ్: ఒక కేస్ స్టడీ

కుక్కలకు, పిల్లులకు అలవాటైన చేత్తోనే గినియా పిగ్‌కు కూడా వైద్యం చేయబోతే ప్రాణం మీదికి వస్తుంది. హైదరాబాద్‌లో వీటిని పెంచుకునే ఇళ్లు పెరిగాయి. వీటిని చూసే డాక్టర్లు మాత్రం ఆ మేరకు పెరగలేదు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఇందులో జబ్బు స్కర్వీ, అంటే విటమిన్ సి లోపం, అని పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఏది అసలు చేయకూడదు అన్న దగ్గరే అంతా ఉంది. ఇక్కడ ఇచ్చిన డోసులు తోటి వైద్యుల కోసం. ఇంట్లో పెంచుకునేవాళ్లు మేత పట్టించే భాగాన్ని, ఆహారం గురించి రాసిన భాగాన్ని తప్పకుండా చదవండి.

వచ్చినప్పటి పరిస్థితి

పేరు జున్ను. ఆడది, వయసు సుమారు ఆరు వారాలు. మూడు వారాల కిందట ఒక పెట్ షాపులో కొన్నారు. తోడుగా ఉంటుందని అదే వయసున్న ఇంకో ఆడ గినియా పిగ్ పిల్లను కూడా తెచ్చుకున్నారు. రెండు రోజులుగా సరిగా కదలడం లేదని, ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ ముట్టలేదని, ఎత్తుకుంటే కీచుమని అరుస్తోందని ఆ ఇంటి తల్లి చెప్పారు. జున్నును చూసుకునేది మాత్రం ఎనిమిదో తరగతి చదివే కూతురు. నాకు కావాల్సిన వివరాలన్నీ ఆ పిల్ల దగ్గరే దొరికాయి. కొన్న రోజునే వంటింటి డిజిటల్ త్రాసు మీద రెండింటినీ తూచి నోటుబుక్కులో రాసుకుంది.

ఆ రోజు జున్ను 196 గ్రాములు. ఇప్పుడు నా టేబుల్ మీద 215. ఈ వయసు పిల్ల రోజుకు నాలుగైదు గ్రాములైనా పెరగాలి. ఆ లెక్కన ఈపాటికి 280 దాటి ఉండాల్సింది. అంటే జబ్బు రెండు రోజుల నాటిది కాదు, మూడు వారాలుగా లోపల సాగుతూనే ఉంది. ఇవి వేటకు బలయ్యే జాతి జంతువులు. నీరసాన్ని చివరి దాకా దాచుకుంటాయి. అందుకే బయటికి కనిపించే లక్షణాల కన్నా త్రాసు మీది అంకెనే నేను ముందు నమ్ముతాను.

వీపు గూనిలా పెట్టి, బొచ్చు రేగి, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. ఉండుండి పళ్లు నూరుతోంది. గినియా పిగ్ పళ్లు నూరుతోందంటే నొప్పితో ఉందని అర్థం. ఒంటి వేడి 36.1 డిగ్రీల సెల్సియస్. మామూలుగా 37.2 నుంచి 39.5 మధ్య ఉండాలి. మెడ వెనక చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది. ఒంట్లో నీరు ఏడు శాతం దాకా తగ్గిందని అంచనా వేశాను. ముందుపళ్ల చిగుళ్ల అంచున ఎర్రటి గీత ఉంది. దూదితో తాకగానే రక్తం అంటింది. వెనక కాళ్ల మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి, ఎడమది ఎక్కువ. రొమ్ముకు రెండు పక్కలా పక్కటెముకల కొసల మీద వేలు పోనిస్తే జపమాల పూసల్లా వరసగా బుడిపెలు తగిలాయి. ముక్కు శుభ్రంగా ఉంది, ఊపిరితిత్తుల్లో చప్పుడేమీ లేదు. పొట్ట మాత్రం గాలితో బిగుసుకుని ఉంది. స్టెతస్కోపు పెట్టి నిమిషానికి పైగా విన్నా పేగుల కదలిక ఒకటి రెండు సార్లకు మించి వినపడలేదు. పెట్టెలో పడి ఉన్న పెంటికలు చిన్నవిగా, ఎండిపోయి, ఒక కొస సన్నగా ఉన్నాయి.

ఏం పెడుతున్నారని అడిగాను. కుందేళ్ల పెల్లెట్లు, కీరా, క్యారెట్, అప్పుడప్పుడు నానబెట్టిన శనగలు. ఎండుగడ్డి లేదు. షాపులో ఇదే పెట్టమన్నారట. పంజరం బాల్కనీలో ఉంది. అది డిసెంబరు నెల.

తర్వాత మందుల సంగతి. "ఏమైనా మందు వేశారా అమ్మా?" అంటే "లేదండీ" అన్నారు. ఈ ప్రశ్నను నేను ఎప్పుడూ రెండు మూడు రకాలుగా అడుగుతాను, ఎందుకంటే ఇంట్లో ఉన్న సీసాలోంచి రెండు చుక్కలు వేయడాన్ని చాలామంది మందు వేయడం కింద లెక్కపెట్టరు. "ఇంట్లో పిల్లలకు వాడే సిరప్ ఏదైనా పట్టారా?" అని మళ్లీ అడిగాను. కూతురు తల్లి వైపు చూసింది. తల్లి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, సగం వాడిన గులాబి రంగు సీసా తీసి టేబుల్ మీద పెట్టారు. అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. మెడికల్ షాపులో అడిగితే ఇదే వేయమన్నారట. ముందు రాత్రి అర మి.లీ., పొద్దున అర మి.లీ.

ఆ సీసాతో కేసు ఇంకో మలుపు తిరిగింది. గినియా పిగ్ బతికేది పెద్ద పేగు మొదట్లో సంచిలా ఉండే సీకమ్‌లో గడ్డిని పులియబెట్టే బ్యాక్టీరియా వల్ల. అందులో ఎక్కువ భాగం గ్రామ్ పాజిటివ్ రకం. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ నోటి ద్వారా వేస్తే ఆ మంచి బ్యాక్టీరియా తుడిచిపెట్టుకుపోతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియమ్ డిఫిసిల్ లాంటివి పెరిగి విషం వదులుతాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. చంటిపిల్లలకు నిశ్చింతగా వేసే మందే వీటికి ప్రాణాంతకం. ఇది ఇంటింటికీ తెలియాల్సిన సంగతి. మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన సంగతి.

మొదటి గంట

ఒకే జంతువులో మూడు ప్రమాదాలు. విటమిన్ సి లోపం, ఆగిపోయిన పేగు, లోపలికి వెళ్లిన అమోక్సిసిలిన్. మూడింటి కన్నా ముందు చూడాల్సింది చలి. ఒళ్లు చల్లబడ్డ జంతువుకు చర్మం కింద ఎక్కించిన ద్రవం సరిగా ఇంకదు, పట్టిన మేత కడుపులోనే నిలిచిపోతుంది. అందుకని పరీక్షలు పక్కన పెట్టి, గోరువెచ్చని నీళ్ల సీసాలను తువ్వాళ్లలో చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టాం. రెండో పక్క ఖాళీగా వదిలాం, వేడి ఎక్కువైతే జరగడానికి. బల్బు వేడి మాత్రం వాడను. ఇంత చిన్న ఒంటికి అది ఎప్పుడు మితిమీరుతుందో తెలియదు.

వేడి 37 దాటాక రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ద్రవాన్ని ఒంటి వేడికి సమానంగా వెచ్చబెట్టి, చర్మం కింద రెండు చోట్ల నాలుగేసి మి.లీ. ఎక్కించాం. రోజు మొత్తానికి మామూలు అవసరం కిలోకు 100 మి.లీ., అంటే దీనికి 21. తగ్గిన నీటి కింద ఇంకో 15. దాన్ని 24 గంటల్లోకి సర్దాం. సిర దొరకని చిన్న జంతువులకు ఎముకలోకి సూది పెట్టే పద్ధతి ఉంది కానీ, ఈ జబ్బులో ఎముక కొసలే పెళుసెక్కి ఉంటాయి కాబట్టి వద్దనుకున్నాను. కండలోకి ఇంజక్షన్లు కూడా మానేశాను. చిగుళ్లే రక్తం కారుతున్నప్పుడు కండ లోపల కారదన్న హామీ లేదు. అన్నీ చర్మం కిందే, సన్నని సూదితో, తీశాక ఒక నిమిషం ఒత్తి పట్టుకుని.

విటమిన్ సి కిలోకు 50 మి.గ్రా. చొప్పున ఇచ్చాం. మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే ఇంజక్షన్ అయితే ఈ పిల్లకు 0.1 మి.లీ. సరిపోతుంది. నొప్పికి బ్యుప్రెనార్ఫిన్, కిలోకు 0.05 మి.గ్రా. నొప్పి తగ్గకుండా ఏ గినియా పిగ్ తినదు, తినకుండా ఏ గినియా పిగ్ కోలుకోదు. నొప్పి, వాపు తగ్గించే మెలోక్సికామ్ మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది, పైగా రక్తస్రావం ఉంది. మర్నాడు మూత్రం ధారాళంగా పోయాక కిలోకు 0.5 మి.గ్రా. మొదలుపెట్టాం.

"యాంటీబయాటిక్ ఏదీ రాయలేదేంటి డాక్టర్ గారూ?" అని తల్లి అడిగారు. జ్వరం లేదు, ఊపిరితిత్తులు బాగున్నాయి, చీము లేదు. కీళ్ల వాపు ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చింది కాదు. అలాంటప్పుడు ఇప్పటికే దెబ్బతిన్న పేగు మీద ఇంకో మందు రుద్దడానికి కారణం కనిపించలేదు. ఎదిగే పిల్లల కీళ్ల మృదులాస్థికి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మంచిది కాదు కూడా.

కాస్త తేరుకున్నాక మత్తు లేకుండానే ఎక్స్‌రే తీశాం. కడుపులో, సీకమ్‌లో గాలి ఉంది కానీ కడుపు మెలిపడలేదు, అడ్డంకి లేదు. మెలిపడి ఉంటే మేత పట్టించడమే తప్పయ్యేది, అందుకే మొదటి సిరంజికి ముందే ఎక్స్‌రే చూడాలి. పక్కటెముకల కొసలు వెడల్పయ్యాయి, మోకాలి దగ్గర ఎముక కొసలు గరుకుగా ఉన్నాయి, విరుపు ఎక్కడా లేదు. పెంటికను నీళ్లలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే కాక్సీడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) గుడ్లు కనిపించలేదు. రక్తం చెవి అంచు నుంచి ఒక్క చుక్క, చక్కెర చూడటానికి మాత్రమే తీశాం. మొత్తం ఒంట్లో పదహారు మి.లీ. రక్తం ఉన్న ప్రాణి నుంచి, అదీ రక్తం కారే జబ్బులో, ల్యాబ్‌కు పంపడానికని లాగడం నాకు సమ్మతం కాలేదు.

ఎందుకు వచ్చింది

కుందేలు, ఎలుక, కుక్క, ఆవు తమకు కావలసిన విటమిన్ సి తామే తయారు చేసుకుంటాయి. మనుషులు, గినియా పిగ్‌లు చేసుకోలేరు. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైమ్ ఇద్దరికీ లేదు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ గినియా పిగ్‌లకు ధాన్యం, రొట్టె మాత్రమే పెట్టి చూస్తే, నావికులను చంపే స్కర్వీ వాటికీ వచ్చింది. తాజా క్యాబేజీ, నిమ్మరసం ఇస్తే నయమైంది. వందేళ్లు దాటినా అదే ధాన్యపు మేత మన పెట్ షాపుల్లో నడుస్తోంది.

కుందేలు పెల్లెట్లలో విటమిన్ సి కలపరు, కుందేలుకు అవసరం లేదు కాబట్టి. ఇక కీరా సంగతి లెక్కేసి చూడండి. ఎదిగే గినియా పిగ్‌కు రోజుకు కిలోకు 30 మి.గ్రా. కావాలనుకుంటే, 215 గ్రాముల పిల్లకు ఆరున్నర మి.గ్రా. వంద గ్రాముల కీరాలో ఉండేది మూడు మి.గ్రా. లోపే. అంటే జున్ను రోజూ తన ఒంటి బరువుకు మించి కీరా తినాలి. క్యారెట్ దీనికన్నా నయమే కానీ అదీ వందకు ఆరు. అదే ఆకుపచ్చ క్యాప్సికమ్‌లో వందకు 80 దాకా ఉంటుంది, ఎర్రదానిలో ఇంకా ఎక్కువ. పది గ్రాముల ముక్కతో రోజు గడిచిపోతుంది. కూరల బుట్టలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తప్పు ఆ ఇంటివాళ్లది కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

విటమిన్ సి లేకపోతే ఒంటిని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ సరిగా అల్లుకోదు. రక్తనాళాలు, చిగుళ్లు, ఎముక పెరిగే కొసలు ముందు దెబ్బతింటాయి. ఎదిగే పిల్లల్లో రెండు వారాలకే లక్షణాలు కనిపిస్తాయి. మోకాళ్లు నొప్పి, అందుకని గిన్నె దాకా నడవదు. చిగుళ్లు నొప్పి, అందుకని నమలదు. నమలకపోతే పేగు ఆగిపోతుంది. పేగు ఆగితే గాలి పట్టి ఇంకా నొప్పి.

మేత పట్టించడం

గినియా పిగ్ వైద్యంలో సగం పని ఇదే, మందులకన్నా దీనికే నేను ఎక్కువ సమయం ఇస్తాను. పన్నెండు గంటలు మేత ముట్టలేదంటే నాకు అది అత్యవసర కేసే. ఆ రాత్రి జున్ను వేడి 37.6కు వచ్చాక మొదటిసారి పట్టాం. లెక్క కిలోకు రోజుకు 60 మి.లీ. దగ్గర, అంటే దీనికి సుమారు 13 మి.లీ., ఆరు విడతలుగా, విడతకు రెండు మి.లీ. చొప్పున. శాకాహార జంతువులు కోలుకోవడానికి అమ్మే పీచు పొడి దొరికితే మంచిది, కానీ అది ఇక్కడ అన్నివేళలా దొరకదు. లేనప్పుడు గడ్డితో చేసిన గినియా పిగ్ పెల్లెట్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మిక్సీలో మెత్తగా తిప్పి, సిరంజిలోంచి జారేంత పలచగా చేసుకోవాలి. సెరెలాక్, పెరుగన్నం, పాలు వద్దు.

కూతురికి నేర్పింది ఇలా. పిల్లను తువ్వాలులో చుట్టి, నాలుగు కాళ్ల మీదే ఉండేలా టేబుల్ మీద నీ ఒంటికి ఆనించి పెట్టుకో. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టవద్దు. ఒక మి.లీ. సిరంజి చాలు. ముందుపళ్లకు, దవడ పళ్లకు మధ్య ఖాళీ జాగా ఉంటుంది, పక్క నుంచి సిరంజి కొస అందులోకి పోనివ్వు. 0.2 మి.లీ. వదులు. ఆగు. దవడ కదులుతుంది చూడు, నమలడం మొదలవుతుంది. మింగాక మళ్లీ 0.2. నమలకపోతే ఇంకొంచెం పోయడం కాదు, ఆగి చూడాలి. ముక్కులోంచి నీరు కనిపిస్తే వెంటనే ఆపి తల వంచు. మూతి తడి బట్టతో తుడిచి వదులు, లేకపోతే బొచ్చు అంటుకుని గడ్డ కట్టి పుండు పడుతుంది.

తల్లి భయపడ్డారు, కూతురు భయపడలేదు. రెండోసారికి ఆ పిల్ల చెయ్యి నా సహాయకుడి చేతికన్నా నిదానంగా ఉంది.

తోడు గినియా పిగ్‌ను కూడా తెప్పించి పక్క పంజరంలో, కమ్మీల మధ్య నుంచి వాసన తగిలేలా పెట్టాం. ఒంటరిగా ఉంచితే ఇవి మరింత ముడుచుకుపోతాయి. దాన్నీ పరీక్ష చేశాం. 262 గ్రాములు, చూడటానికి హుషారు, కానీ ఎడమ మోకాలు తాకితే కాలు లాక్కుంది. అదే మేత తిన్న పిల్ల, అదే లోపం మొదలై ఉంది. దానికీ ఆ రోజు నుంచే విటమిన్ సి పెట్టాం. షాపుల్లో ఆడ, మగ కలిపే ఉంచుతారు కాబట్టి రెండింటికీ కడుపు తడిమి, ఇంటికెళ్లాక కూడా బరువు గమనిస్తుండమని చెప్పాను. నెల వయసుకే చూలు నిలిచే అవకాశం వీటికి ఉంది.

మూడో రోజు

రెండో రోజు 211, పెంటికలు కాస్త ఎక్కువయ్యాయి, పేగు చప్పుడు వినపడింది. మూడో రోజు పొద్దున పంజరంలో పెంటికలకు బదులు మెత్తటి, వాసన వేసే ముద్ద ఉంది. బరువు 204. అమోక్సిసిలిన్ పడిన దెబ్బ అప్పుడు బయటపడింది. ఆ ఉదయం తల్లికి ఫోన్ చేసి, బతకడం కష్టం కావచ్చని దాచకుండా చెప్పాను.

అప్పటిదాకా పెడుతున్న కొత్తిమీర, క్యాప్సికమ్ ఆపేసి పీచు మేత, ఎండుగడ్డి మాత్రమే ఉంచాం. ద్రవాలు పెంచాం. క్లాస్ట్రీడియమ్‌ను చంపే మెట్రోనిడజోల్ కిలోకు 20 మి.గ్రా. రోజుకు రెండు సార్లు, మి.లీ.లో 40 మి.గ్రా. ఉండే పిల్లల సిరప్‌తో 0.1 మి.లీ. మందు చేదు, అందుకని మేతలో కలపలేదు, కలిపితే మేతనే అసహ్యించుకుంటుంది. పేగులో విషాన్ని పట్టి ఉంచేందుకు కొలెస్టిరమిన్ పొడి నీళ్లలో కలిపి ఇచ్చాం. అది ఇతర మందులనూ పట్టేస్తుంది కాబట్టి మిగతావాటికి రెండు గంటల ఎడం పెట్టి, విటమిన్ సి ఇంజక్షన్‌గానే కొనసాగించాం.

ఇంకొకటి చేశాం, చాలామంది ముఖం చిట్లిస్తారు కానీ నాకు దీని మీద గట్టి నమ్మకం. గినియా పిగ్‌లు తమ మెత్తటి పెంటికలను తామే తిని సీకమ్ బ్యాక్టీరియాను మళ్లీ లోపలికి తీసుకుంటాయి. జున్ను ఒళ్లు వంచలేకపోతోంది. తోడు పిల్లకు అమోక్సిసిలిన్ పడలేదు, దాని పెంటికల్లో పురుగులు, కాక్సీడియా లేవని చూసుకున్నాం. వాటిని అప్పటికప్పుడు గోరువెచ్చని ఉప్పునీటి సెలైన్‌లో కలిపి, వడగట్టి, ఆ నీటిని జున్నుకు సిరంజితో రోజుకు రెండు సార్లు పట్టాం.

నాలుగో రోజు సాయంత్రానికి ముద్ద గట్టిపడింది. ఎండుగడ్డి పోచ ఒకటి దానంతట అది లాక్కుని, సగం దాకా నమిలి వదిలేసింది. సగం పోచ అయినా నమలడం నమలడమే. ఆరో రోజు పొద్దున ఫ్రిజ్ తలుపు చప్పుడుకు వీక్, వీక్ అని అరిచింది. ఆ రోజు బరువు 207.

ఇంటికి పంపాక

మేత పట్టించడం తగ్గిస్తూ వచ్చారు. త్రాసు మీద బరువు పెరిగిన రోజే ఒక విడత తగ్గించాలన్నది నియమం. పదో రోజుకు నడక దాదాపు సరిగ్గా ఉంది, 224 గ్రాములు. చిగుళ్ల ఎర్రగీత పోయింది. మెలోక్సికామ్, మెట్రోనిడజోల్ ఆపేశాం. విటమిన్ సి పసిపిల్లల చుక్కల మందుగా, మి.లీ.లో 100 మి.గ్రా. ఉండేది, రోజుకు 0.1 మి.లీ. నేరుగా నోట్లో. తాగే నీళ్ల సీసాలో కలపవద్దన్నాను, వెలుతురుకు గంటల్లోనే చెడిపోతుంది, రుచి నచ్చక నీళ్లు తాగడం మానేసే ప్రమాదమూ ఉంది. మల్టీవిటమిన్ కూడా వద్దు, అందులోని ఎ, డి విటమిన్లు మోతాదు మించుతాయి.

ఆహారం ఇలా మార్చారు. ఎప్పుడూ అందుబాటులో ఎండుగడ్డి. టిమోతీ గడ్డి దొరకని రోజుల్లో పూల అంగడిలో పూజకు అమ్మే గరిక, బాగా కడిగి. రోడ్డు పక్కన కోసింది వద్దు, కుక్కలు తిరిగే చోటు, మందు కొట్టే చోటు. వరిగడ్డి మేత కింద పనికిరాదు. రోజూ క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర గుప్పెడు. జామ వారానికి ఒకటి రెండు సార్లు గోరంత ముక్క, చక్కెర ఎక్కువ కాబట్టి. మునగాకులో విటమిన్ సి బాగానే ఉంటుంది కానీ కాల్షియం కూడా ఎక్కువే, మూత్రాశయంలో రాళ్లకు దారి తీస్తుంది, అందుకని అప్పుడప్పుడు రెండు రెమ్మలు. గినియా పిగ్‌ల కోసమే చేసిన పెల్లెట్లు చిన్న ప్యాకెట్లు కొని, తెరిచిన తేదీ దాని మీదే రాసి, మూడు నెలల్లో అవగొట్టాలి. ఆ తర్వాత అందులోని విటమిన్ సి సగానికి పడిపోతుంది. పంజరం బాల్కనీ నుంచి హాల్లోకి వచ్చింది. ఎండాకాలంలో కూడా అక్కడే ఉంచమన్నాను, ఎందుకంటే 30 డిగ్రీలు దాటిన వేడి వీటికి చలికన్నా ప్రమాదం.

నెల రోజుల తర్వాత తెచ్చినప్పుడు జున్ను 318 గ్రాములు. తోడు పిల్ల 371, చూలు లేదు. రెండో ఎక్స్‌రేలో పక్కటెముకల కొసలు సర్దుకుంటున్నాయి. ఎడమ మోకాలు చేతికి ఇంకా కాస్త లావుగానే తగులుతోంది, పరుగుకు మాత్రం అడ్డు రావడం లేదు. ముందుపళ్లు సమానంగా అరుగుతున్నాయి. దవడ పళ్లు మాత్రం మూడు నెలలకోసారి చూడాలి, ఎందుకంటే స్కర్వీలో పంటి వేళ్ల పట్టు వదులైతే ఆ తేడా తర్వాత ఎప్పుడో పళ్లు వంకరగా పెరగడంలో బయటపడుతుంది. ఎదిగే వయసు కాబట్టి లూసర్న్ గడ్డి (కాల్షియం ఎక్కువుండే పశుగ్రాసం) కొంచెం కలపవచ్చు, ఆరు నెలలు నిండాక ఆపేయమని చెప్పి, తర్వాత రావాల్సిన తేదీని ఆ పిల్ల నోటుబుక్కులోనే రాసిచ్చాను.